మారియోలో చేపల స్టేజి దాటడం ఎలా

మొదటి నాలుగు స్టేజిలూ ఆడుతూ పాడుతూ దాటేస్తారు. 2-1, అంటే రెండో ప్రపంచంలో మొదటి స్టేజి, కూడా పెద్ద కష్టం అనిపించదు. ఆ తర్వాత మారియో తనంతట తానే నడిచి వెళ్లి ఒక గొట్టంలో దూరతాడు, తీరా చూస్తే నీళ్లలో ఉంటాడు. అక్కడ మొదలవుతుంది టెన్షన్. అప్పటిదాకా చెప్పిన మాట విన్న మారియో ఒక్కసారిగా తాగినవాడిలా పైకీ కిందికీ తూలుతుంటాడు. కుడివైపు నుంచి బొద్దుగా, గుండ్రటి కళ్లేసుకుని ఒక చేప వస్తుంది. మీరు బటన్ టపటపా కొడతారు. మారియో నేరుగా వెళ్లి దాని మూతికే తగులుతాడు.

ఆ చేప పేరు చీప్ చీప్. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ నుంచి నేటి మారియో ఆటల దాకా ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంది. దాన్ని దాటడం ఎలాగో ఇక్కడ వరసగా చెబుతాను. ఎక్కువ భాగం ఆ పాత ఆట గురించే. అందులో ఈదడం వస్తే తర్వాతి ఆటల్లో చేయి చాలా తేలిగ్గా తిరుగుతుంది. ముందే ఒక సంగతి: 1985 నాటి చేప మీ వెంట పడదు. తన దారిన తాను పోతుంటుంది. దాదాపు ప్రతిసారీ మనమే వెళ్లి దానికి తగులుకుంటాం. కాబట్టి నేర్చుకోవాల్సింది చేపను చంపడం కాదు, మన బొటనవేలిని అదుపులో పెట్టుకోవడం.

ముందు చేపను చూడండి

చీప్ చీప్ అంటే చవకబారు అని కాదు. ఇంగ్లీషులో అది పిట్టపిల్ల కిచకిచలాంటి మాట. జపాన్‌లో దాని పేరు పుకుపుకు. నీళ్లలో బుడగలు లేస్తున్నట్టు ఉందా లేదా? నాకైతే ఆ పేరే నచ్చుతుంది.

పాత ఆటలో నీళ్ల కింద రెండు రంగుల చేపలు కనిపిస్తాయి: ఎర్రవి, బూడిద రంగువి. రంగు అందం కోసం పెట్టింది కాదు. బూడిద చేప నింపాదిగా వస్తుంది, ఎర్రది దాదాపు రెట్టింపు వేగంతో వస్తుంది. అందుకే తెర కుడి అంచున చేప ముక్కు కనబడగానే మొదట రంగు చూడండి. బూడిదదైతే కదలడానికి తీరిక ఉంది. ఎర్రదైతే అప్పటికప్పుడే పైకా కిందికా తేల్చుకోవాలి.

రెండూ కుడి నుంచి ఎడమకే పోతాయి. కొన్ని గీత గీసినట్టు సూటిగా, కొన్ని కాస్త పైకీ కిందికీ ఊగుతూ వస్తాయి. ఊగే చేపను సన్నటి సందులోంచి తప్పించుకోవాలని చూడకండి, మీరు సందులో దూరేసరికి అదీ అదే ఎత్తుకి వస్తుంది. ఒక చేప మిమ్మల్ని దాటి ఎడమకి వెళ్లిందంటే దాన్ని ఇక మర్చిపోవచ్చు. వెనక్కి తిరిగి రాదు.

వీటి మధ్యలో తెల్లటి స్క్విడ్ ఒకటి తిరుగుతుంటుంది, దాని పేరు బ్లూపర్. అది చేపలాంటిది కాదు. మీరున్న వైపుకి ఏటవాలుగా ఎగిరి, మళ్లీ మెల్లగా కిందికి జారుతుంది. అంటే ఇది నిజంగానే వెంటపడుతుంది. చేపల స్టేజిలో చాలామందిని చంపేది చేప కాదు, ఈ స్క్విడ్‌ను తప్పించుకునే కంగారులో ఎదురుగా వచ్చే చేపను చూడకపోవడమే.

ఇంకో ముఖ్యమైన విషయం. నేల మీద తాబేలు నెత్తిన దూకినట్టు నీళ్లలో చేప నెత్తిన దూకితే అది చావదు, మీరే పోతారు. చిన్నప్పుడు ఇది తెలియక మా ఇంట్లో ఎన్ని లైఫ్‌లు పోయాయో లెక్కలేదు. పై నుంచి పడుతున్నాం కదా అని ధీమాగా దిగేవాళ్లం.

బొటనవేలికి నేర్పడం

నీళ్ల స్టేజి అయిన 2-2 మొదలవగానే కుడికి పరుగెత్తకండి. మొదటి తెరలో కాస్త ఖాళీ నీరు ఉంటుంది. మీరు కుడికి జరగనంతవరకు తెర కూడా జరగదు. ఆ కాసేపూ మీ ఈత పాఠం.

నీళ్లలో ఎ బటన్ ఒకసారి నొక్కితే మారియో ఒక బార వేస్తాడు. సుమారు ఒకటిన్నర ఇటుక ఎత్తు లేచి, మెల్లగా దిగుతాడు. లేచి దిగి మళ్లీ అదే ఎత్తుకి రావడానికి ఇంచుమించు ఒక సెకను పడుతుంది. అంటే సెకనుకి ఒక్కసారి నొక్కితే చాలు, మారియో ఉన్న ఎత్తులోనే ఉంటాడు. మనం సెకనుకి ఐదారుసార్లు కొడతాం. అందుకే పైకి దూసుకుపోతాం.

బటన్ నొక్కి పట్టుకోవడం వల్ల లాభం లేదు. నొక్కి వదలాలి. వేగంగా నొక్కితే వేగం పెరుగుతుందనుకోవడం కూడా పొరపాటే, అది ముందుకు కాదు, పైకి మాత్రమే తోస్తుంది. ముందుకు పోవాలంటే కుడి బాణం ఒక్కటే దారి. నేల మీద బి నొక్కి పరుగెత్తినట్టు నీళ్లలో బి నొక్కితే పరుగు రాదు. సముద్రం అడుగున నడవచ్చు గానీ, ఈత కంటే నెమ్మది.

ఇలా చేయండి. ఎడమ అంచున నిలబడి ఎ ఒకసారి నొక్కండి. మారియో లేచి, ఆగి, దిగడం చూడండి. దిగి మొదటి ఎత్తుకి వచ్చాడనగా మళ్లీ నొక్కండి. పది బారలు ఇలా వేసి, మారియో ఒకే ఎత్తులో ఊగుతున్నాడా లేదా చూసుకోండి. తర్వాత కళ్లు మారియో మీంచి తీసి తెర కుడి అంచు మీద పెట్టి మరో పది బారలు వేయండి. చూడకుండా కూడా ఎత్తు నిలబడుతోందంటే మీ వేలికి లెక్క తెలిసినట్టే.

పాట సాయం చేస్తుంది. కోజి కొండో ఈ నీటి స్టేజికి వాల్ట్జ్ లయలో పాట కట్టారు, ఒకటి-రెండు-మూడు, ఒకటి-రెండు-మూడు అని మూడు దెబ్బల నడక. తిశ్ర గతి వినే అలవాటున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ప్రతి దెబ్బకీ నొక్కకండి, 'ఒకటి' దగ్గర మాత్రమే నొక్కి చూడండి. అచ్చంగా సరిపోకపోయినా వేలి ఆత్రం తగ్గుతుంది. శబ్దం ఆపేసి ఆడేవాళ్లని చూశాను, నీళ్ల స్టేజిలో అది మంచి పని కాదు.

పాత టీవీ గేమ్ రిమోట్ మీద ఆడేవాళ్లకి ఒక హెచ్చరిక. తొంభైల్లో మన ఇళ్లలో ఎక్కువగా కనిపించినవి నకలు పెట్టెలు, వాటి రిమోట్‌లలో ఎ, బి కాకుండా పైన మరో రెండు బటన్లు ఉండేవి. నొక్కి పట్టుకుంటే వాటంతట అవే టకటకా కొట్టేస్తాయి, టర్బో అంటారు. నిప్పు బంతులు వేయడానికి అవి భలే పనికొస్తాయి. నీళ్లలో ఈతకి మాత్రం ముట్టుకోకండి. మారియో రాకెట్‌లా వెళ్లి పైన అతుక్కుంటాడు, అక్కడి నుంచి కిందికి దించడం మీ తరం కాదు.

ఎక్కడ ఈదాలి

వేలు కుదిరాక స్థలం. ఎక్కువమంది తెర పైభాగాన ఈదుతారు, పైన ఉంటే క్షేమం అనిపిస్తుంది. నేను దానికి విరుద్ధంగా చెబుతాను. మధ్య కంటే కాస్త కిందగా ఉండండి.

కారణం ఇదీ. పైకి లేవడం మీ చేతిలో ఉంది, బటన్ నొక్కిన క్షణంలో మారియో లేస్తాడు. కిందికి దిగడం నీటి చేతిలో ఉంది. బటన్ మానేసి, అతను మెల్లమెల్లగా జారేదాకా వేచి చూడాలి. పైన ఉన్నప్పుడు ఎర్ర చేప సూటిగా వస్తే మీకు మిగిలింది దిగడమే, అది ఆలస్యమయ్యే పని. కింద ఉన్నప్పుడు వస్తే రెండు బారలు చాలు. పైగా స్క్విడ్ పైకి ఎగిరినప్పుడు దాని కింద నుంచి జారుకోవచ్చు.

అలాగని నేలకి అతుక్కోకండి. ఇటుకన్నర, రెండు ఇటుకల ఎత్తు ఖాళీ ఉంచుకోండి.

అడ్డంగా చూస్తే తెర మధ్యకి వెళ్లకుండా ఎడమ వైపే ఉండగలిగినంత ఉండండి. కుడి బాణం అదే పనిగా పట్టుకుంటే మారియో మధ్యకి వచ్చేస్తాడు, కొత్త చేపలు ముఖం మీదే పుడతాయి. బాణం నొక్కండి, వదలండి, చూడండి, మళ్లీ నొక్కండి. చేపలు గుంపుగా కనిపిస్తే బాణం పూర్తిగా వదిలేసి ఉన్నచోటే ఊగండి. అవి పోయాక కదలండి. గడియారం ఉంది నిజమే, ఈ స్టేజి దాటడానికి ఆ సమయం సరిపోతుంది. గడియారాన్ని చూసి భయపడి తోసుకుపోతేనే అసలు నష్టం.

చేప ఎదురైనప్పుడు చేయాల్సింది ఒక్కటే నిర్ణయం: దాని పైనుంచా, కిందనుంచా. తీసుకున్నాక మార్చుకోకండి. ముందు పైకి వెళ్దామని రెండు బారలు వేసి, మధ్యలో మనసు మార్చుకుని కిందికి జారేవాడు కచ్చితంగా చేప ఎత్తులోనే దొరుకుతాడు.

అడుగున నేల తెగిన చోట

2-2లో అక్కడక్కడా నేల ఉండదు. పైకి మామూలు నీళ్లలాగే కనిపిస్తుంది గానీ అక్కడ సుడి ఉంది. మిమ్మల్ని గుంట మధ్యకి లాగుతుంది, మీ బారకి బలం కూడా తగ్గుతుంది. మామూలు చోట ఒకటిన్నర ఇటుక లేపిన బార అక్కడ సగం కూడా లేపదు. సెకనుకొకటి అన్న లెక్క ఇక్కడ చెల్లదు. టపటపా కొట్టాల్సిన చోటు ఇదొక్కటే.

గుంట అంచు కనబడగానే ముందే నాలుగైదు ఇటుకల ఎత్తుకి లేవండి. సుడి మీద నుంచి పోతున్నంతసేపూ కుడి బాణం వదలకుండా బటన్ వేగంగా కొట్టండి. దాటగానే చేయి నెమ్మది చేయండి, లేకపోతే ఆ వేగంతో పైకి వెళ్లి స్క్విడ్‌ను గుద్దుకుంటారు. గుంటల దగ్గర మెరిసే నాణేలు ఆశ పెడతాయి. వంద నాణేలకి ఒక లైఫ్ వస్తుంది. పది నాణేల కోసం ఉన్న లైఫ్ పోగొట్టుకోవడం ఏ లెక్కకీ తేలదు. వదిలేయండి.

పువ్వు చేతిలో ఉంటే

నీళ్లలో చేపను చంపే సులువైన ఆయుధం నిప్పు బంతి. నీళ్లలో నిప్పేమిటని అడగకండి, ప్లంబర్ పుట్టగొడుగు తిని పెరిగే ఆట ఇది. ఆ బంతులు వేసే శక్తినిచ్చే పువ్వు తీసుకుని 2-2లోకి రాగలిగితే స్టేజి సగం అయిపోయినట్టే.

తెర మీద ఒకేసారి రెండు బంతులే ఉండగలవు. ఆ రెండూ దేనికో తగిలి పోయేదాకా, లేదా తెర దాటేదాకా మూడోది రాదు. బంతి చేతిలోంచి వెళ్లగానే కిందికి ఏటవాలుగా పోతుంది కాబట్టి చేప కన్నా కాస్త పై ఎత్తులో ఉండి వేయండి. చేపకి సరిసమానంగా ఉండి వేస్తే బంతి దాని పొట్ట కిందనుంచి జారిపోవచ్చు. ఇంకా మంచిది, ఒకటి వేసి ఆగి, రెండోది అవసరానికి దాచుకోవడం.

పువ్వు లేకుండా చిన్న మారియోగా వచ్చారా? అంత చెడ్డ సంగతేం కాదు. ఒక్క దెబ్బకి పోతాడు నిజమే, కానీ సందుల్లోంచి తేలిగ్గా దూరతాడు. పెద్ద మారియో ఒళ్లు ఎత్తుగా ఉండటంతో ఊగే చేపలకి తరచూ తల తగులుతుంది.

చివర్లో మెట్లలా పేర్చిన దిబ్బ, పక్కకి తెరుచుకున్న గొట్టం కనిపిస్తాయి. గొట్టం కనబడగానే అందరూ చేసే పని కుడి బాణం నొక్కి పట్టడం. నాదీ అదే జబ్బు. మూతి దగ్గరికి వచ్చాక కూడా చేప రావచ్చు. నిదానంగా మెట్టు మీద దిగి, నడిచి లోపలికి వెళ్లండి.

ఎగిరే చేపలు

నీళ్లలోంచి బయటపడ్డామని ఊపిరి పీల్చుకునేలోపు 2-3 వస్తుంది. వంతెనల స్టేజి. అవే చేపలు ఇప్పుడు కింద నుంచి ఎగిరెగిరి వస్తాయి. ఇక్కడ నేర్చుకున్నదంతా తిరగేయాలి. నీళ్లలో నెమ్మది మంచిది, వంతెన మీద నెమ్మది చావు.

బి బటన్ నొక్కి పరుగు అందుకోండి, ఇక ఆగకండి. పరుగులో ఉంటే చాలా చేపలు మీ వెనక పడిపోతాయి. ఆగారంటే కింద నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి లేస్తాయి. ఖాళీల మీద మాత్రమే దూకండి. చేపను తప్పించుకోవాలని ఊరికే పైకి దూకితే అది ఎగిరే దారిలోకే మీరు వెళతారు. ఒక ఊరట ఉంది: గాల్లో ఉన్న చేప నెత్తిన దూకితే అది చస్తుంది. 2-2లో మిమ్మల్ని ఏడిపించిన కోపం ఇక్కడ తీర్చుకోవచ్చు, పరుగు ఆగనంతవరకే.

ఇదే జత మళ్లీ ఏడో ప్రపంచంలో వస్తుంది. 7-2 అంటే 2-2 పటమే, స్క్విడ్‌లు ఎక్కువ. 7-3 మళ్లీ వంతెనలు. 2-2ను నిజంగా నేర్చుకున్నవాళ్లకి గుంటలెక్కడో ముందే తెలుసు, స్క్విడ్‌ల మీదే కన్నేస్తే చాలు.

అడ్డదారి సంగతి

1-2లో పైకప్పు మీద నడిచి వెళితే మూడు గొట్టాల గది వస్తుంది, అక్కడి నుంచి నేరుగా నాలుగో ప్రపంచానికి పోవచ్చు. 4-2లో ఇంకో గది, అక్కడి నుంచి ఎనిమిదికి. ఇలా వెళితే 2-2, 7-2 రెండూ తప్పుతాయి. మా పిన్ని కొడుకు ఎప్పుడూ ఇదే దారి. ఈత రాకుండానే ఎనిమిదో ప్రపంచానికి చేరేవాడు. ఆఖరిదైన 8-4 కోటలో నీళ్ల గది ఒకటి ఉంది, స్క్విడ్‌లతోబాటు గిర్రున తిరిగే నిప్పు కడ్డీలతో. ప్రతిసారీ అక్కడే పోయేవాడు. రాకుమారి ముఖం చూడటానికి వాడు చివరికి 2-2కి వచ్చి ఈత నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇంకో దారి ఉంది, దారి అనకూడదేమో. 1-2 చివర గోడలోంచి దూరే ఒక లోపం వల్ల కార్ట్రిడ్జ్ ఆటలో '-1' అనే ప్రపంచంలో పడవచ్చు. అది 7-2 నీళ్ల స్టేజే. చివరి గొట్టంలో దూరితే మళ్లీ మొదటికే వస్తారు. ఎన్నిసార్లు ఈదినా బయటపడరు. ఈత సాధనకి మాత్రం ఇంతకన్నా మంచి చెరువు లేదు.

నింటెండో స్విచ్‌లో పాత ఆటల లైబ్రరీలో ఆడేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. జెడ్ఎల్, జెడ్ఆర్ కలిపి నొక్కితే ఆట వెనక్కి తిరుగుతుంది. చేపకి తగిలిన చోటికి వెళ్లి, ఎక్కడ మనసు మార్చుకున్నారో చూసుకోండి. ఒక్కో తప్పుకి ఒక్కసారే వాడండి. ప్రతి బారకీ వెనక్కి తిప్పుతూ పోతే స్టేజి దాటుతారు గానీ ఈత రాదు.

తర్వాతి ఆటల్లో

1988లో జపాన్‌లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 3లో కప్ప డ్రెస్సు దొరికితే వదలకండి. అది వేసుకుంటే బటన్ కొట్టక్కర్లేదు, ఏ వైపు బాణం నొక్కితే ఆ వైపు ఈదుతాడు. నేల మీద మాత్రం కప్పలా గెంతడమే. ఇందులోనే మూడో ప్రపంచంలో బాస్ బాస్ అనే పెద్ద చేప ఉంది. రెండుసార్లు బాస్ అని పిలిచినట్టుంది గానీ, రెండోది ఒక చేప జాతి పేరు. 3-3లో అది మునిగి తేలే నేల పక్కనే తిరుగుతూ మారియోని అమాంతం మింగేస్తుంది. మీరు పెద్దవాడా, పువ్వు ఉందా అని చూడదు, లైఫ్ పోతుంది అంతే. అక్కడ ఎత్తైన ఇటుకల మీదే ఉండండి. నేల మునుగుతున్నప్పుడు కింద నిలబడి చూస్తూ ఉండకండి.

సూపర్ మారియో వరల్డ్‌లో ఒక చిట్కా: చేతిలో ఏదైనా వస్తువు పట్టుకుని ఈదితే మారియో తేలుతూ వేగంగా పోతాడు. బటన్ కొట్టే పనే తగ్గుతుంది. అదే ఆటలో నిద్రపోయే చేప ఉంది. దగ్గరికి వెళితే లేచి వెంటపడుతుంది, కాబట్టి దూరం నుంచి చుట్టి వెళ్లండి.

2009లో నింటెండో వీ (Wii) మీద వచ్చిన ఆటలో పెంగ్విన్ డ్రెస్సుతో బాణం వైపే ఈదవచ్చు, మంచు బంతితో చేపను గడ్డకట్టించవచ్చు. గడ్డకట్టిన చేప పైకి తేలిపోతుంది, దారి దానంతట అదే ఖాళీ అవుతుంది. 2006లో నింటెండో డీఎస్ మీద వచ్చిన ఆట నుంచి మింగే పెద్ద చేప ఇంకోటి తగులుతుంది, చీప్ చాంప్. అది వెంటపడే రకం, 'చేప తన దారిన పోతుంది' అని నేను మొదట్లో చెప్పిన మాట దానికి వర్తించదు. కనబడగానే ముందుకు ఈదడమే.

2017 నాటి సూపర్ మారియో ఒడిస్సీలో కథే మారిపోయింది. లేక్ కింగ్‌డమ్‌లో నీళ్లలోకి దిగి, చీప్ చీప్ మీద మీ టోపీ విసరండి. మీరే ఆ చేప అయిపోతారు, మీసాలతో సహా. మారియోగా ఉన్నప్పుడు ఊపిరి అయిపోతుంది, చేపగా ఉన్నంతసేపూ ఆ బెంగ లేదు. లోతుల్లో ఉన్న నాణేలు, చంద్రులు ఏరుకోవడం అయ్యాక జెడ్ఎల్ నొక్కితే మళ్లీ మారియో. నొక్కే ముందు ఒడ్డుకి దగ్గరగా రండి, నడి నీళ్లలో బయటికొస్తే ఊపిరి లెక్క మళ్లీ మొదలవుతుంది.